వాన గడీ: తల్లి చేతిలో మిగిలిన ఆకు

పోయిన వారం ప్రియదర్శినిని పాతకాలపు దొరల గడీ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డ చోట వదిలిపెట్టాం. లోపలి నుంచి వినిపించిన నవ్వు ఆమె అన్న శ్రావణ్‌ది. శ్రావణ్ చనిపోయి ఏడాది దాటింది. కిందటి వానాకాలం హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని తెలిసి, స్నేహితుడు చందుతో కలిసి చూడబోయి, కాలు జారి నీళ్ళలో పడ్డాడు. ఇప్పుడు ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి వాళ్ళ అమ్మ సునీత కూతురి సంగతులు ఒక్కొక్కటిగా మరచిపోతోంది. వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లెక్కే పిల్లకు వంకాయ కూర కట్టి కాలేజీకి పంపింది. మొన్న శంషాబాద్ బస్టాండులో కూతురు ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చింది. దవాఖానలో చూపిస్తే ఏ జబ్బూ లేదన్నారు. విమానాశ్రయంలో క్యాబ్ నడిపే కుర్మయ్య, పిల్లలు బాపు అని పిలిచే తండ్రి, కొడుకు పోయిన బాధలో అట్లా అవుతోందని సర్దుకున్నాడు. దర్శిని సర్దుకోలేదు. ముసురు పట్టినప్పుడల్లా అమ్మ పనికని చెప్పి ఎక్కడికో పోతోందని కనిపెట్టి, ఆ మధ్యాహ్నం వెనకే వచ్చింది. ఊరి చెరువు అవతల తుమ్మచెట్ల మధ్య, ఎండ కాసినప్పుడు ఉత్త రాళ్ళకుప్ప తప్ప ఏమీ కనిపించని చోట, వానలో రెండంతస్తుల గడీ లేచి నిలబడి ఉంది. అమ్మ అందులోకి పోయింది.

దర్శిని తలుపు తోసింది.

గడప దాటగానే విమానాల చప్పుడు తెగిపోయింది. ఆమె పుట్టి పెరిగింది ఆ చప్పుడు కిందే. నిద్రలో కూడా చెవులను వదలని మోత అది. ఒక్కసారిగా లేకపోయేసరికి నీళ్ళలో తల ముంచినట్టయింది. ఎదురుగా పొడవాటి హాలు, నల్లబడిన టేకు స్తంభాలు. పైనుంచి వేలాడే గాజుదీపాలు వెలగడం లేదు. అయినా బూడిదరంగు వెలుతురొకటి నేలంతా పరుచుకుని ఉంది. గోడల నిండా పటాల చట్రాలు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ బొమ్మ లేదు. హాలు మధ్యలో ఎత్తయిన మంచం మీద అమ్మ కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళకు వీపు ఆనించి, నేల మీద శ్రావణ్ కూర్చుని ఉన్నాడు.

అదే నీలం చొక్కా. ఆ రోజు వేసుకుని పోయినదే. అమ్మ తువ్వాలతో అతని తల తుడుస్తోంది. తుడిచిన చోటే నీళ్ళు మళ్ళీ ఊరి, నుదుటి మీదుగా జారి, చొక్కాలోకి దిగుతున్నాయి. అమ్మ తువ్వాలు పిండి మళ్ళీ తుడుస్తోంది. ఆమెకు విసుగు లేదు. ఏడాదిగా ఇంట్లో దర్శిని చూడని నెమ్మది ఆ ముఖంలో ఉంది.

"ఏందే దర్శీ, గుమ్మంల గట్లనే నిలబడ్డవ్?" అన్నాడు శ్రావణ్. "లోపటికి రా."

అమ్మను నిలదీయాలని దారంతా మనసులో అల్లుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ మిగల్లేదు. దర్శిని పరుగున పోయి అతని మీద పడింది. ఒళ్ళు బావినీళ్ళలా చల్లగా ఉంది. నాచు వాసన వేస్తోంది. కానీ వీపు మీద తట్టిన ఆ చెయ్యి అన్నదే. చిటికెన వేలు కొంచెం వంకర. క్రికెట్ బంతి తగిలి విరిగి, సరిగా అతుక్కోలేదు.

"అన్నా," అంది. ఏడ్చేసింది.

"ఏడ్వకే. నేను ముందే తడిసున్న," అన్నాడు. కాసేపటికి ఆమె గడ్డం ఎత్తి చూశాడు. "మస్తు పెరిగినవ్. ఇంటర్‌ల ఏం తీస్కున్నవ్?"

"బైపీసీ."

"లెక్కలకు భయపడ్డవన్న మాట."

"లెక్కలు తీస్కొని నువ్వేం ఉద్ధరించినవ్?" అనేసి, దర్శిని నాలుక కరచుకుంది. శ్రావణ్ పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఆ కాస్తసేపు అది గడీ కాదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఇంట్లో, ఫ్యాన్ కింద, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి టీవీ చూస్తున్నట్టే ఉంది. ఇట్లా ఉంటుందని తెలిస్తే నేను కూడా రోజూ వచ్చేదాన్ని అనుకుంది దర్శిని. అనుకున్నందుకు భయం కూడా వెయ్యలేదు.

"బైపీసీనా నువ్వు?" అంది సునీత, కొత్త సంగతి విన్నట్టు.

శ్రావణ్ నవ్వు ఆగింది. తల వెనక్కి తిప్పి తల్లిని చూశాడు. "నీకెర్క లేదా అమ్మా?"

ఆమె తువ్వాలు పిండుకుంటూ ఉండిపోయింది.

అప్పుడు దర్శినికి ఇంకో చప్పుడు వినపడింది. మెత్తగా, తీరిగ్గా ఏదో నములుతున్న చప్పుడు. హాలు చివర ఎత్తయిన కుర్చీలో ఒక ముసలామె కూర్చుని ఉంది. నల్లంచు తెల్లచీర, ముఖం మీద ముడత లేదు, జుట్టులో ఒక్క నల్లవెంట్రుక లేదు. దవడలు మాత్రమే కదులుతున్నాయి. ఆమె నమలడం ఆపి, మింగింది. మింగిన మరుక్షణం శ్రావణ్ భుజం తడిసిన కాగితంలా పలచబడింది. దాని గుండా కింది బండ కనిపించింది.

"సునీతా, ఆకు అయిపోయింది," అంది ముసలామె.

"ఇస్తున్న దొరసానీ, ఇస్తున్న." సునీత గబగబా మంచం దిగింది. కుడి అరచెయ్యి చాచి దొరసాని ముందు నిలబడింది. "దర్శిని మొదటిసారి బడికి పోయిన రోజు ఇస్త. తీస్కోండ్రి."

"చెప్పు. ఆ రోజు ఏమైంది?"

సునీత నోరు తెరిచింది. కళ్ళు అటూ ఇటూ వెతికాయి. అరచెయ్యి ఖాళీగానే ఉంది.

"ఏం తొడిగినవ్ పిల్లకు? ఏడ్చిందా?"

"ఏడ్చే ఉంటది. పిల్లలు ఏడుస్తరు గద."

"నేనేడ్వలే," అంది దర్శిని మంచం దగ్గర నుంచి. గొంతు తనది కానట్టు వినిపించింది. "నువ్వే ఏడ్చినవ్ అమ్మా. గేటు బయట నిలబడి నువ్వేడుస్తుంటే ఆయమ్మ వచ్చి నీకు మంచినీళ్ళు ఇచ్చిందట. నువ్వే నాకు ఎన్నిసార్లో చెప్పినవ్."

సునీత ఆమె వైపు తిరిగింది. ఆ ముఖంలో అబద్ధం లేదు, దాపరికం లేదు. అసలు ఏమీ లేదు. ఊడ్చి కడిగిన గదిలా ఉంది.

"ఆ ఆకు ఎప్పుడో అయిపోయింది," అంది దొరసాని. మాటలో కోపం లేదు. "జ్వరమొచ్చి వారమంతా ఒళ్ళో పెట్టుకొని కూసున్నది కూడ అయిపోయింది. పుట్టినప్పుడు మొదటిసారి చూసింది మొన్నటి వానకు ఇచ్చినవ్. అది తియ్యగున్నది, చాలాసేపు వచ్చింది."

దర్శినికి అర్థమైంది. ఒక్కసారిగా కాదు. వంకాయ కూర, బస్టాండు, రాత్రి పడుకునే ముందు తల నిమరడం ఆగిపోయిన రోజు, ఒక్కొక్కటి వచ్చి దాని చోట కూర్చుంది. తల్లి తన మనసులోంచి ఒక గుర్తు తీసి చెబితే అది అరచేతిలో తమలపాకు అవుతుంది. దొరసాని దాన్ని నమిలినంతసేపు శ్రావణ్ నిండుగా ఉంటాడు, మింగాక మెల్లగా కరుగుతాడు. మింగిన గుర్తు మళ్ళీ రాదు.

"నావి ఇచ్చినవా?" అంది. "అన్నీ నావేనా అమ్మా?"

"మొదలు నావే ఇచ్చిన." సునీత ఖాళీ అరచెయ్యి మూసుకుంది. "మా అమ్మ మొఖం ఇచ్చిన. నా పెండ్లి ఇచ్చిన. నాయి అయిపోయినంక మీ ఇద్దరియే మిగిలినయి."

"మరి వానియి ఎందుకియ్యలే?"

సునీత బతిమాలుతున్నట్టు మాట్లాడింది.

"నువ్వు బతికున్నవ్ గద బిడ్డా. నీతోని మళ్ళ కొత్తయి అయితయనుకున్న. రేపు అయితయి, ఎల్లుండి అయితయి. వానితోని ఇంకేం గావు. వానియి ఉన్నయే ఉన్నయి. అవి కూడ ఇచ్చేస్తే వాడు నా ముందు కూసున్నా నాకు ఎవడో పిల్లగాడే గద."

దర్శినికి అరవాలనుంది. అరవడానికి అందులో తప్పు దొరకడం లేదు. ఈ ఏడాదంతా అమ్మ పక్కనే పడుకుని, అన్న కోసం అమ్మ ఏడుస్తుంటే తను నోరు నొక్కుకుని ఏడ్చింది, అమ్మకు ఇంకా బరువు కాకూడదని. అంత చప్పుడు చెయ్యకుండా బతికినందుకేనేమో అమ్మకు తను ఎప్పటికీ ఉండేదానిలా కనిపించింది.

శ్రావణ్ లేవబోయాడు. మోకాళ్ళ కింద కాళ్ళు సరిగా కనిపించడం లేదు. దొరసాని తల తిప్పి దర్శినిని చూసింది.

"నీ దగ్గర కూడ ఉన్నయి గద పిల్లా. లేతయి. అన్నను జరసేపు ఉంచుకోరాదు? చిన్నదేదన్న ఇయ్యి. నీకు పనికిరానిది."

నిజమే, అనుకుంది దర్శిని. పనికిరానివి ఎన్ని లేవు. చిన్నప్పుడు బాపు విమానాలు చూపిస్తానని గోడ మీద కూర్చోబెట్టిన సాయంత్రం ఉంది. ఒక్కటి ఇస్తే ఏమవుతుంది. అన్నతో ఇంకా మాట్లాడనే లేదు. ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచింది. అరచేతిలో దురదలా ఏదో మొలవబోతోంది. తడి చెయ్యి ఒకటి వచ్చి ఆ అరచేతిని గట్టిగా మూసేసింది.

"వద్దు," అన్నాడు శ్రావణ్. తల్లిని చూశాడు. "గిట్లనే మొదలైందా అమ్మా? చిన్నదేదన్న ఇయ్యమన్నదా?"

సునీత తల దించుకుంది.

"నేను వచ్చినప్పుడల్లా ఎట్ల వచ్చినని అడిగితే, దేవునికి మొక్కుకున్న అన్నవ్. వానాకాలమంతా నా ముందట కూసొని, నా చెల్లెను ఒక్కొక్క ముక్క తెంపి ముసలిదానికి పెట్టినవ్. నేను నవ్వుకుంట కూసున్న."

"తప్పయితే నాది. నువ్వు కూసో నాన్నా. జర కూసో. తల తడి ఆరలే."

"అది ఆరదమ్మా."

అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. దొరసానిని అడిగాడు: "నేను గడప దాటి పోతే ఏమైతది?"

"దాటినోళ్ళు మళ్ళ రారు. ఎంత వాన పడ్డా, ఎన్ని ఆకులిచ్చినా రారు," అంది ఆమె. "నీయంత నువ్వు దాటలేవు. తోడబుట్టినోళ్ళో, కన్నోళ్ళో చెయ్యి పట్టుకొని దాటియ్యాలె."

"తిన్నవి మా అమ్మకు తిరిగి ఇస్తవా?"

"మింగింది ఎట్ల ఇస్తరు?"

అతను చెల్లెలి వైపు తిరిగాడు. అడగకముందే ఆమెకు తెలిసిపోయింది.

"నా చేత కాదు," అంది దర్శిని.

"ఇగ నీ పేరొక్కటే మిగిలినట్టుంది అమ్మ దగ్గర. అది కూడ పోవాల్నా?"

"పోతే పోనీ. నువ్వుండు."

"నేనెక్కడున్ననే. ఆమె నమిలినంతసేపు ఉంటున్న." అతని గొంతు మెత్తబడింది. "గేట్ల దగ్గర కాలు జారినప్పుడు నా చెయ్యి పట్టుకునేటోళ్ళు ఎవరూ అందలే. చందుగాడు ఉరికొచ్చిండు, అందలే. ఇప్పుడు నువ్వు పట్టుకుంటే భయం కాదు."

ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు.

సునీత పరుగున వచ్చి వెనక నుంచి చొక్కా పట్టుకుంది. పిడికిట్లో గుడ్డ కాకుండా నీళ్ళు మిగిలాయి. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ నీళ్ళే. ఆమె ఏడుపులో మాటలు లేవు. శ్రావణ్ ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని నుదుటి మీద నుదురు ఆనించాడు. అతను చెవిలో ఏం చెప్పాడో దర్శినికి వినపడలేదు. చాలా ఏళ్ళ తరువాత కూడా ఆ మాట ఏమై ఉంటుందో ఆమె ఊహించుకుంటూనే ఉంది. తరువాత అతను తల్లి చేతులు విడిపించుకుని, చెల్లెలి చెయ్యి మళ్ళీ పట్టుకుని నడిచాడు.

హాలు పొడవు పెరిగినట్టనిపించింది. దర్శిని నెమ్మదిగా నడిచింది. ఇంకా నెమ్మదిగా నడవాలనుకుంది.

"నా బండి చందుకు ఇయ్యమను బాపును," అన్నాడు శ్రావణ్. "రోజూ కిక్కు కొట్టకపోతే ఇంజన్ పట్టేస్తది."

"బాపు రోజూ తుడుస్తడు దాన్ని."

"తుడిస్తే ఏం లాభం. నడపాలె." గడప వైపు చూస్తూ అడిగాడు. "బాపు తింటున్నడా?"

"తింటుండు."

"అబద్ధం."

"కొంచెం తింటుండు."

గడప వచ్చింది. బయట వాన దారాల్లా పడుతోంది. దర్శిని ముందుగా కాలు బయట పెట్టింది. వెనక హాలులోంచి తల్లి గొంతు వినిపించింది. ఏడుపు కాదు, తెగించిన మనిషి గొంతు.

"పేరు తీస్కోండ్రి దొరసానీ. వాణ్ణి ఆపండ్రి. నా బిడ్డ పేరు తీస్కోండ్రి. ప్రియదర్శిని."

అంతకు ముందెప్పుడూ అమ్మ ఆ పేరును అంత పూర్తిగా, అంత స్పష్టంగా పలికిన గుర్తు లేదు. దర్శిని తల తిప్పి చూసింది. తల్లి అరచేతిలో ఆకు మొలిచి ఉంది. లేత ఆకుపచ్చ, నరాలు కూడా తేలని చిన్న ఆకు. దొరసాని దాన్ని రెండువేళ్ళతో అందుకుని, మడిచి, నోట్లో పెట్టుకుంది.

అప్పటికే శ్రావణ్ గడప దాటాడు.

వాన అతని భుజాల మీద పడింది. పడిన చోటల్లా అతను వాన అయ్యాడు. భయపడలేదు. చెల్లెలిని చూస్తూనే ఉన్నాడు, కళ్ళు ఉన్నంతసేపూ. చివరికి ఆమె గుప్పిట్లో వంకర చిటికెన వేలు ఒక్కటి మిగిలింది. అదీ నీళ్ళయి, వేళ్ళ సందుల్లోంచి బురదలోకి జారిపోయింది. మబ్బుల మీద విమానమేదో దిగుతోంది. దాని మోత ఒక్కసారిగా చెవుల్లో పడింది. దర్శిని మోకాళ్ళ మీద కూలబడింది. బురదలో రెండు చేతులూ పెట్టి వెతికింది. బురద తప్ప ఏమీ లేదు.

ఎంతసేపు అట్లా ఉందో తెలియదు. తల ఎత్తేసరికి సునీత గడప దగ్గర నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది.

"ఎవరు బిడ్డా నువ్వు?" అంది. "గిట్ల తడుస్తున్నవేంది?"

దర్శిని బురద చెయ్యి ఆమె వైపు చాచింది.

"జ్వరమొస్తది. ఇంటికి పో తల్లీ. మీ అమ్మ పరేషాన్ అయితది."

లోపల దొరసాని నమలడం ఆపింది. "సునీతా," అని పిలిచింది. "నువ్వు ఆకిచ్చినవ్. కొడుకు దాటిపోయిండు. తీస్కొని ఇయ్యకపోవుడు ఈ గడీల లేదు. నీకో బిడ్డ బాకీ ఉన్న. మింగినయి తీసి ఇయ్యలేను గని, వాటినే నడిపిస్త."

హాలు వెనక గదిలో అడుగుల చప్పుడైంది. ఒక అమ్మాయి బయటికి వచ్చింది. దర్శిని వేసుకున్న కాలేజీ డ్రస్సే, పొడిగా, ఇస్త్రీ మడత చెదరకుండా. దర్శిని జడే, దర్శిని ముఖమే. అయితే ఆ ముఖంలో అన్ని వయసులూ ఉన్నాయి. నవ్వితే నాలుగేళ్ళ పిల్లలా ఉంది, కళ్ళెత్తితే జ్వరం నుంచి లేచిన పదేళ్ళ పిల్లలా ఉంది. తల్లి ఈ వానాకాలమంతా ఇచ్చుకున్న గుర్తులన్నీ ఒక్కచోట చేరి నడిచి వస్తున్నాయి.

"అమ్మా," అంది ఆ అమ్మాయి.

సునీత వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ తరువాత ఆమె గొంతులోంచి వచ్చిన ఏడుపు విని, బురదలో ఉన్న దర్శిని రెండు చెవులూ మూసుకుంది. ఏడాదిగా అమ్మ దగ్గర ఆమె ఎదురు చూసిన ఏడుపు అది. కూతురిని చూసి ఏడ్చే ఏడుపు.

"దర్శీ. నా బిడ్డా. ఎటు పోయినవే నువ్వు?" సునీత ఆ పిల్లను గుండెకు అదుముకుంది. తల నిమిరింది, చెంపలు నిమిరింది. నిమిరిన చోటల్లా పోయిన గుర్తొకటి ఆమె నోటికి వచ్చింది. "మొదటిరోజు బడికి పోయినప్పుడు నేనే ఏడ్చిన, నీకు యాదున్నదా? ఆయమ్మ నాకు నీళ్ళిచ్చింది."

"యాదున్నదమ్మా. అన్నీ యాదున్నయి."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గడప దాటారు. దర్శిని ఆ పిల్ల కూడా వానలో కలిసిపోతుందని చూసింది. వాన పడుతూనే ఉంది. ఆ పిల్ల జుట్టు మీద ఒక్క చుక్క నిలవలేదు.

"అమ్మా, వీళ్ళెవరు?"

"ఎవరో పాపం. దారి తప్పినట్టుంది."

"నువ్వు నడువమ్మా, రోడ్డు మీద ఆటో ఆపు. ఈ అక్కకు దారి చెప్పొస్త."

సునీత నవ్వి, తుమ్మచెట్ల మధ్య దారి పట్టింది. నడకలో ఏడాది బరువు దిగిపోయి ఉంది. దర్శిని, అమ్మా అని లేవబోయి, గడప లోపలికి చూసి ఆగిపోయింది. గడీ లోపల ఎత్తయిన కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ పిల్ల దర్శిని పక్కన చతికిలబడి, చెవి దగ్గరికి వంగింది. తమలపాకు వాసన వచ్చింది.

"బాపుకు నువ్వు ఇంకా యాదికున్నవ్ గద," అంది మెల్లగా. "డ్యూటీ దిగి ఎప్పుడొస్తడు?"